బోల్డ్ ఇటాలిక్ స్లాబ్ సెరిఫ్: గోడ మీద నుంచి కేకేసే అక్షరం

మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఉన్న కంప్యూటర్‌లో ఫాంట్ల జాబితా తెరిచి కిందికి వెళ్తే ‘రాక్‌వెల్’ అనే పేరు కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని, పైన ఉండే బి, ఐ బటన్లు రెండూ నొక్కి ఏదో ఒక ఇంగ్లిష్ మాట టైప్ చేస్తే, దళసరి గీతలతో, కుడివైపుకు వాలి, కాళ్ల కింద ఇటుకలు పెట్టుకున్నట్టున్న అక్షరాలు వస్తాయి. టైపు పరిభాషలో దీన్ని బోల్డ్ ఇటాలిక్ స్లాబ్ సెరిఫ్ అంటారు. ఇది పుస్తకంలో పేరాలకు పేరాలు చదివించే అక్షరం కాదు. పోస్టర్, హోర్డింగ్, ప్యాకెట్, పత్రిక మాస్ట్‌హెడ్, లోగో వంటి చోట్ల నాలుగైదు మాటలు పెద్దగా చెప్పడానికి వాడతారు. ఈ వాడుకకు ‘డిస్‌ప్లే’ అని పేరు.

అదే ఫైల్‌లో తర్వాతి లైన్‌లో ఒక తెలుగు మాట టైప్ చేసి, మళ్లీ ఆ రెండు బటన్లే నొక్కితే తెలుగు అక్షరాలూ లావెక్కుతాయి, వాలుతాయి. చూడటానికి రెండు లైన్లకూ ఒకటే జరిగినట్టుంటుంది. మొదటి లైన్‌లో కనిపించేది ఒక డిజైన్ బృందం విడిగా గీసి, సరిదిద్ది, ఫైల్‌లో పెట్టిన అక్షరం. రెండో లైన్‌లో కనిపించేది, చాలా సందర్భాల్లో, సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడు పక్కకు తోసిన అక్షరం. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఆ పేరులోని మాటలను విడదీసి చూడాలి. ఒక్కో మాట ఒక్కో కాలంలో, ఒక్కో అవసరం కోసం పుట్టింది.

స్లాబ్ అంటే మనకు తెలిసిన స్లాబే

ఇంగ్లిష్ అక్షరాల గీతల చివర్లలో కనిపించే చిన్న అడ్డు కొసలను సెరిఫ్ అంటారు. పుస్తకాల్లో వాడే మామూలు టైపుల్లో ఈ కొస సన్నగా, అంచుకు వచ్చేసరికి ఇంకా పలచబడుతూ ఉంటుంది. స్లాబ్ సెరిఫ్‌లో అలా పలచబడటం ఉండదు. నిలువు గీత ఎంత లావో అడ్డు కొస కూడా దాదాపు అంతే లావు. ఇంటి పైకప్పుకు వేసే స్లాబ్ గుర్తొస్తే సరిపోతుంది.

ఇటాలిక్ వీటన్నిటికంటే పాతది. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ప్రచురణకర్త, ఫ్రాంచెస్కో గ్రిఫ్ఫో అనే టైపు చెక్కే పనివాడు కలిసి 1501లో వర్జిల్ కావ్యాలను పూర్తిగా ఈ వాలు అక్షరాల్లోనే అచ్చువేశారు. అప్పటి పండితుల చేతిరాత దానికి నమూనా. చేతిలో పట్టే చిన్న పుస్తకాలకు ఆ ఇరుకు అక్షరం బాగా కుదిరింది. మాటను నొక్కి చెప్పడానికి మధ్యలో వాడటం ఆ తర్వాతి పరిణామం. మరోలా చెప్పాలంటే ఇటాలిక్ పుట్టుక గుసగుస స్వభావం గలది. స్లాబ్ పుట్టిందేమో వీధిలో కేక వేయడానికి. ఈ రెండింటినీ ఒకే అక్షరంలో ఇమడ్చడమే బోల్డ్ ఇటాలిక్ స్లాబ్ డిజైనర్‌కు ఎదురయ్యే అసలు చిక్కు.

లాటరీ చీటీల లండన్

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో లండన్ గోడలు ప్రకటనలతో నిండిపోయాయి. నాటకాలు, వేలంపాటలు, మందులు, అన్నిటికంటే ఎక్కువగా ప్రభుత్వ లాటరీలు. 1826లో రద్దయ్యే దాకా లాటరీ టికెట్లు అమ్మేవారు పోటాపోటీగా చీటీలు పంచేవారు, గోడలకు అంటించేవారు. అప్పటిదాకా ఉన్న టైపులన్నీ పుస్తకాల కోసం చేసినవి. వాటిని పెద్దవి చేసినంత మాత్రాన దూరం నుంచి కనిపించవు, ఎందుకంటే సన్నగీతలు చూపుకు అందవు.

మొదట వచ్చిన పరిష్కారం ‘ఫ్యాట్ ఫేస్’. నిలువు గీతలను విపరీతంగా లావు చేసి, సన్న గీతలను సన్నగానే వదిలేశారు. రాబర్ట్ థార్న్ అనే టైపు తయారీదారు దీనికి పేరుపొందారు. పాతకాలపు ముద్రాపకులకు ఇది నచ్చలేదు. థామస్ కర్సన్ హాన్సార్డ్ 1825లో తెచ్చిన ‘టైపోగ్రాఫియా’ గ్రంథంలో ఈ లావు అక్షరాలను గట్టిగా ఎద్దేవా చేశారు.

రెండో పరిష్కారమే స్లాబ్. 1815 తేదీ ఉన్న విన్సెంట్ ఫిగ్గిన్స్ నమూనా పుస్తకంలో ‘యాంటిక్’ పేరుతో ఇది కనిపిస్తుంది. అయితే కొన్ని ప్రతుల కాగితంలో 1817 నీటిగుర్తు ఉండటంతో చరిత్రకారులు ఆ రెండేళ్లనూ కలిపే చెబుతారు. అన్నీ పెద్దక్షరాలే, చిన్నక్షరాలు లేవు. పోస్టర్‌కు అవసరమైంది అంతే మరి. సన్న గీత అనేదే లేకుండా అన్ని గీతలనూ దాదాపు ఒకే లావుకు తెచ్చి, కొసలను కూడా దిమ్మల్లా చేయడంతో అక్షరం మొత్తం ఒకే నలుపుగా గోడ మీద నిలబడింది.

ఫిగ్గిన్స్ పేరు తెలుగు అచ్చు చరిత్రకు పరాయిది కాదు. ఈ స్లాబ్ టైపుకు దాదాపు పదేళ్ల ముందే, పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో, ఆయన ఈస్టిండియా కంపెనీ కోసం తెలుగు టైపు తయారుచేశారు. జర్మనీలోని హాలేలో బెంజమిన్ షుల్జ్ 1740లలోనే తెలుగు పుస్తకాలు అచ్చువేశారు కాబట్టి ఫిగ్గిన్స్‌ది మొదటి తెలుగు టైపు కాదు. కానీ ప్రపంచానికి స్లాబ్ సెరిఫ్‌ను అమ్మిన ఆ టైపు ఫౌండ్రీయే తెలుగు అక్షరాన్ని కూడా పోతపోసిందన్నది మన పుస్తక చరిత్రల్లో అంతగా కనిపించని సంగతి. ఆ ఇద్దరు కస్టమర్ల అవసరాలకు పోలికే లేదు. కంపెనీకి తెలుగు కావలసింది పాలన కోసం, లండన్ ముద్రాపకులకు స్లాబ్ కావలసింది అమ్మకం కోసం.

ఈజిప్టుకు సంబంధం లేని ఈజిప్షియన్

స్లాబ్ సెరిఫ్‌కు చాలాకాలం ఉన్న పేరు ‘ఈజిప్షియన్’. 1798లో నెపోలియన్ దండయాత్ర తర్వాత యూరప్‌కు ఈజిప్టు పిచ్చి పట్టింది. 1802 నుంచి రొసెట్టా శిల బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 1812లో లండన్ పికడిల్లీలో ‘ఈజిప్షియన్ హాల్’ కట్టారు. కుర్చీలకు, కప్పులకు, భవనాలకు అన్నిటికీ ఆ ముద్ర తగిలించారు. టైపులకూ తగిలింది. తమాషా ఏమిటంటే, టైపు నమూనాల్లో ఆ పేరు మొదట వచ్చింది స్లాబ్‌కు కాదు. 1816 ప్రాంతంలో విలియం కాస్లన్ 4 తన కొసలు లేని టైపుకు, అంటే ఇప్పుడు సాన్స్ సెరిఫ్ అనే రకానికి, ఆ పేరు పెట్టారు. థార్న్ 1820లో చనిపోయాక ఆయన ఫౌండ్రీని విలియం థోరోగుడ్ కొన్నారు. లాటరీలో గెలిచిన డబ్బుతో కొన్నారని చెబుతారు. లాటరీ ప్రకటనల మీద బతికిన టైపు వ్యాపారంలో అంతకంటే సరిపోయే కథ ఉండదు. ఆయన 1821 నమూనాల్లో స్లాబ్ టైపులు ఈజిప్షియన్లుగా వచ్చాయి, ఆ పేరు వాటికే స్థిరపడింది. వందేళ్ల తర్వాత కూడా మెంఫిస్, కైరో, కార్నాక్ అని కొత్త స్లాబ్ టైపులకు ఈజిప్టు ఊళ్ల పేర్లే పెట్టారు.

అట్లాంటిక్ అవతల దీనికి చెక్క తోడైంది. సీసంతో పెద్ద అక్షరం పోస్తే బరువెక్కువ, చల్లారేటప్పుడు పైభాగం సమంగా రాదు. న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ 1827లో చెక్క అక్షరాలను యంత్రంతో కోసే పద్ధతి తెచ్చారు. 1834లో విలియం లెవెన్‌వర్త్ దానికి పాంటోగ్రాఫ్‌ను జతచేశారు. ఒక నమూనాను గీస్తూ పోతే యంత్రం దాన్ని కావలసిన సైజులో కోసేది. సర్కస్ పోస్టర్లలో, కౌబాయ్ సినిమాల ‘వాంటెడ్’ కాగితాల మీద కనిపించే, కాళ్లూ తలా లావై నడుము సన్నబడిన అక్షరం ఈ దారిలో వచ్చిందే.

బోల్డ్ బటన్‌కు తాత

1845లో వచ్చిన క్లారెండన్ దగ్గర కొంత ఆగాలి. అప్పటికి థోరోగుడ్ ఫౌండ్రీలో భాగస్వామి అయిన రాబర్ట్ బెస్లీ దీన్ని తెచ్చారు, బెంజమిన్ ఫాక్స్ చెక్కారు. ఇది స్లాబే, కానీ మొరటుతనం తగ్గించిన స్లాబ్. కొస నిలువు గీతకు కలిసేచోట చిన్న వంపు, లావు సన్నాల మధ్య కొంత తేడా. ముఖ్యమైన విషయం ఏమిటంటే, దీన్ని మామూలు పుస్తకం టైపుతో పాటు అదే లైన్‌లో వాడేలా చేశారు. నిఘంటువులో ఆరోపాలను, టైం టేబుల్‌లో ఊరి పేర్లను పేజీలోంచి పైకి తేల్చడానికి.

అంతకు ముందు పేజీలో ఒక మాట మీద దృష్టి నిలపాలంటే ఇటాలిక్, పెద్దక్షరాలు, లేదా వేరే రకం టైపు దిక్కు. లావు చేసి చూపించడం అనే అలవాటు స్లాబ్ టైపులతోనే పుస్తకాల్లోకి వచ్చింది. ఇవాళ కీబోర్డు మీద కంట్రోల్, బి కలిపి నొక్కుతున్నామంటే ఆ అలవాటు మూలం ఇక్కడుంది. ప్రతి టైపుకూ దాని సొంత బోల్డ్ ఉండాలన్న పద్ధతి తర్వాత ఎప్పటికో గానీ రాలేదు.

బెస్లీ దీన్ని 1842 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయించారు. రక్షణ మూడేళ్లే. గడువు ముగియగానే పోటీ ఫౌండ్రీలన్నీ కాపీ కొట్టాయి. ‘క్లారెండన్’ అనే మాటే చాలాకాలం బోల్డ్‌కు మారుపేరుగా చలామణీ అయింది. బెస్లీకి పోయిందేమీ లేదు లెండి, 1869లో లండన్ లార్డ్ మేయర్ అయ్యారు.

దినపత్రికలకు కూడా ఈ వంశం పనికొచ్చింది. నాసిరకం న్యూస్‌ప్రింట్ మీద, వేగంగా తిరిగే యంత్రాల మీద సన్నగీతలు చెదిరిపోతాయి. ఈ ఇబ్బంది తీర్చడానికి లైనోటైప్ 1925లో తెచ్చిన ‘ఐయానిక్ నంబర్ 5’ క్లారెండన్ చుట్టమే. టైప్‌రైటర్‌లో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు ఇవ్వాలి కాబట్టి ‘ఐ’ వంటి సన్నక్షరం చుట్టూ ఖాళీ మిగులుతుంది. అక్కడ పొడవాటి స్లాబ్ కొసలు ఆ ఖాళీని పూడుస్తాయి. ఐబీఎం టైప్‌రైటర్ కోసం హోవర్డ్ కెట్లర్ చేసిన ‘కొరియర్’ అందుకే అలా ఉంటుంది.

కాంక్రీటు కాలం

1927లో జర్మనీలో పాల్ రెన్నర్ ‘ఫ్యూచురా’ తెచ్చారు. స్కేలు, కంపాస్‌తో గీసినట్టుండే ఆ అక్షరం హిట్టవగానే, దానికి కొసలు తగిలిస్తే ఎలా ఉంటుందని మిగతా ఫౌండ్రీలు ఆలోచించాయి. 1929లో రుడాల్ఫ్ వోల్ఫ్ చేసిన మెంఫిస్, 1930లో గియోర్గ్ ట్రంప్ చేసిన సిటీ, ఆ వెంటనే హైన్రిచ్ యోస్ట్ చేసిన బెటాన్ వచ్చాయి. జర్మన్‌లో బెటాన్ అంటే కాంక్రీటు. అమెరికాలో 1931లో మోరిస్ ఫుల్లర్ బెంటన్ స్టైమీ తెచ్చారు. ఇంగ్లండ్‌లో మోనోటైప్ సంస్థ, ఫ్రాంక్ హిన్‌మన్ పియర్‌పాంట్ ఆధ్వర్యంలో, 1934లో రాక్‌వెల్‌ను విడుదల చేసింది. అంతకుముందు 1910లో అమెరికాలో వచ్చిన ‘లితో యాంటిక్’ దానికి ఆధారం.

వీటిలో సిటీ ఇప్పటికీ ప్రపంచమంతా కనిపిస్తుంది. 1956లో పాల్ రాండ్ చేసిన ఐబీఎం లోగోకు ఆధారం అదే. 1972లో దాన్నే ఎనిమిది అడ్డపట్టీలుగా కోశారు. సోనీ పేరు రాసే అక్షరాలూ స్లాబ్ జాతివే. బరువు, నిలకడ, యంత్రం లాంటి నమ్మకం చూపించాలనుకున్న కంపెనీలు ఈ అక్షరం వైపు చూశాయి. అయితే ఆ లోగోలన్నీ నిటారుగా నిలబడ్డవే.

లావు అక్షరాన్ని వాల్చడం ఎందుకు కష్టం

స్లాబ్ టైపుల్లో మంచి ఇటాలిక్ చాలాకాలం అరుదు. పందొమ్మిదో శతాబ్దంలో వాల్చిన ఈజిప్షియన్లు అసలు లేవని కాదు. కానీ 1953లో హెర్మన్ ఐడెన్‌బెంజ్ స్విట్జర్లాండ్‌లో క్లారెండన్‌ను మళ్లీ బతికించినప్పుడు కూడా దానికి ఇటాలిక్ రాలేదు. జొనాథన్ హోఫ్లర్, టొబయాస్ ఫ్రీర్‌జోన్స్ 2009లో సెంటినెల్ విడుదల చేయడానికి చెప్పుకున్న కారణాల్లో ఈ లోటు ఒకటి.

చిక్కు కొంత రూపానిది. అసలు ఇటాలిక్‌లో కలం ఒక అక్షరంలోంచి మరో అక్షరంలోకి జారుతున్నట్టు సన్నటి తోక ఉంటుంది. స్లాబ్‌లో ఆ చోట దిమ్మ కూర్చుని ఉంది. దిమ్మను తోకగా మార్చితే స్లాబ్ స్వభావం పోతుంది. దిమ్మను అలాగే ఉంచి మొత్తాన్ని వాల్చితే చేతిరాత పోతుంది. రాక్‌వెల్ వంటి జ్యామితి స్లాబ్‌లు రెండో దారి పట్టాయి. వాటి ఇటాలిక్ ఎక్కువ భాగం నిలువు అక్షరాన్నే వాల్చినట్టుంటుంది. సెంటినెల్ వంటివి మొదటి దారిలో కొంత దూరం వెళ్లాయి.

కొంత చిక్కు కంటిది. గుండ్రటి ‘ఓ’ను కంప్యూటర్‌తో కుడివైపుకు తోస్తే దాని కుడి పైమూల, ఎడమ కిందిమూల బరువెక్కుతాయి, మిగతా రెండు మూలలు సన్నబడతాయి. సన్నని అక్షరంలో ఇది పెద్దగా పట్టదు. బోల్డ్‌లో ‘ఓ’ వంకరపోయిన టైరులా కనిపిస్తుంది. డిజైనర్ ప్రతి వంపునూ మళ్లీ సరిచేయాలి. పక్కపక్క అక్షరాల దిమ్మలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా సందులు చూసుకోవాలి. డిస్‌ప్లే టైపులో సందులు మరీ బిగుతుగా ఉంటాయి కాబట్టి ఇది ఇంకా సున్నితమైన పని. మొదట్లో చెప్పిన ‘విడిగా గీసిన అక్షరం’ అంటే ఈ శ్రమే.

మన అక్షరం సంగతి

గుండ్రటి ‘ఓ’కే అంత జరిగితే, దాదాపు ప్రతి అక్షరమూ గుండ్రంగానే ఉండే తెలుగులో ఏమవుతుందో ఊహించుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ వాలు తెలుగులో ఒక్కో అక్షరానికీ ఆ వంకర వస్తుంది. తలకట్టు ముందే కుడివైపుకు ఎగబాకే గీత, దాన్ని ఇంకా తోస్తే పడుకుంటుంది. తెలుగు అక్షరం ఒక్క లైన్‌లో ఆగదు కూడా. పైన గుడి, కింద వత్తులు. అక్షరాన్ని వాల్చినప్పుడు పైవి కుడికి, కిందివి ఎడమకు జరుగుతాయి. ‘స్త్రీ’ లాంటి మాటలో పైదీ కిందిదీ చెరో దిక్కుకు పోతాయి. అక్షరం ఎడమ అడుగు నుంచి చుట్టుకుని వచ్చే రవత్తు ముందున్న అక్షరానికి తగులుతుంది.

నకిలీ బోల్డ్ ఇంకా ప్రమాదకరం. బోల్డ్ ఫైల్ లేని ఫాంట్‌కు సాఫ్ట్‌వేర్ అంచుల చుట్టూ నలుపు పూస్తుంది, లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. ద, ధ, థల మధ్య తేడా ఎంత? కింద చిన్న నిలువు గీత, కడుపులో ఒక చుక్క. వత్తుగా మారినప్పుడు అవి ఇంకా చిన్నవి. చుక్క మునిగితే ‘అర్థం’ కాస్తా ‘అర్ధం’ అవుతుంది. వార్తా పత్రిక హెడ్‌లైన్‌లో, మందు ప్యాకెట్ మీద, కోర్టు నోటీసులో ఇది సౌందర్య సమస్య మాత్రమే కాదు.

తెలుగుకు ఇటాలిక్ లేకపోవడం లోటు అనుకునేవారున్నారు. అలా అనుకోనక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ‘అతను చేశాడు’ అనే వాక్యంలో అతని మీద ఒత్తు పెట్టాలంటే ఆ మాటను వాల్చాలి. తెలుగులో ‘అతనే చేశాడు’ అంటే చాలు. ఒక్క ఏకారంతో పని అయిపోతుంది. పుస్తకాల పేర్లకు కొటేషన్ గుర్తులు వాడే అలవాటు ఎటూ ఉంది. కేక వేయాల్సిన చోట, అంటే సినిమా టైటిల్, గోడ రాత, షాపు బోర్డు దగ్గర, తెలుగు చిత్రకారులు చేత్తోనే రాశారు. ఒక గీత మొదట్లో లావై చివరికి సన్నబడే బ్రష్ పట్టు, తలకట్టును విసురుగా లాగడం, మాటను మొత్తంగా పైకి ఎక్కించి రాయడం వంటివి అక్కడి పద్ధతులు. బాపు అక్షరాలు తెలుగువారు చూడగానే గుర్తుపట్టేది ఇటువంటి చేతి ఊపు వల్లే. దానికి స్లాబ్ అవసరం రాలేదు.

ఇప్పుడు అందరికీ ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలోనూ ఇదే కనిపిస్తుంది. హెడ్డింగులకు వాడే ‘రామభద్ర’ ఒకే ఒక్క లావులో వచ్చింది, ఇటాలిక్ లేదు. ముంబైలోని ఏక్ టైప్ సంస్థ తెచ్చిన ‘అనెక్ తెలుగు’లో ఎన్నో లావులు, ఎన్నో వెడల్పులు ఉన్నాయి, వాలు లేదు. ‘నోటో సెరిఫ్ తెలుగు’లోనూ అంతే. ఆ పేరులో సెరిఫ్ ఉన్నా తెలుగు అక్షరాలకు కొసలు ఉండవు. గీతల లావు సన్నాల తేడా ఇంగ్లిష్ జోడీకి సరిపోయేలా ఉందని చెప్పడానికే ఆ మాట.

అసలు ఇబ్బంది రెండు భాషలు ఒకే బోర్డు మీద పక్కపక్కన నిలబడినప్పుడు వస్తుంది. కంపెనీ ఇంగ్లిష్ పేరు బోల్డ్ ఇటాలిక్ స్లాబ్‌లో ఉంటుంది, కింద తెలుగు పేరు కూడా ‘అలాగే’ ఉండాలంటారు. అప్పుడు తెలుగును తోసి, అంచులకు నలుపు పూసి, కొన్నిసార్లు తలకట్టుకు దిమ్మ తగిలించి పని కానిస్తారు. దానికంటే మెరుగైన దారి, రెండు అక్షరాలకూ ఒకే నలుపు, ఒకే ఊపు వచ్చేలా చూడటం. నిజమైన బోల్డ్ ఫైల్ ఉన్న తెలుగు ఫాంట్ ఎంచుకుని, లావును ఇంగ్లిష్ నిలువు గీతతో పోల్చి సరిపెట్టాలి. వత్తులకు చోటుండేలా లైన్ల మధ్య ఎడం పెంచాలి. వాలు తప్పనిసరి అయితే లోగో వరకు చేత్తో గీయించుకోవాలి. ఆరేడు అక్షరాలే కదా.

వెబ్‌సైట్లలో ఇంకా తేలికైన ఉపాయం ఉంది. వెబ్ పేజీల రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ ప్రమాణం ప్రకారం, ఫాంట్‌కు ఇటాలిక్ లేనప్పుడు బ్రౌజర్ దాన్ని తానే వాల్చుకోవచ్చు. కోణం విడిగా చెప్పకపోతే అది 14 డిగ్రీలు. అదే ప్రమాణంలో ‘ఫాంట్ సింథసిస్’ అనే సెట్టింగ్ ఉంది. తెలుగు భాగానికి దాన్ని ఆపేస్తే నకిలీ వాలు, నకిలీ లావు రెండూ ఆగిపోతాయి. ఇంగ్లిష్ మాట వాలి ఉంటుంది, పక్కన తెలుగు మాట నిటారుగా నిలబడి ఉంటుంది.